రెండో కార్డు

ఒమాన్‌లో, అల్ మవాలే అనే చోట, మా స్టూడియో తలుపుకు ఎప్పుడూ లోపలి గడియ వేసే ఉంటుంది. అది ఆడవాళ్ళ స్టూడియో. బెల్లు మోగితే నేను వెళ్ళి చిన్న అద్దంలోంచి చూసి, ఆడవాళ్ళయితేనే తీస్తాను. పొరపాటున మగవాళ్ళు వస్తే పక్క వీధిలో ఇంకో స్టూడియో ఉందని లోపలినుంచే చెప్తాను. చాలా ఏళ్ళుగా ఆ తలుపు తీసేది నేనే. మొదట్లో తలుపు తీయడం, టీ పెట్టడం, నేల తుడవడం నా పని. తర్వాత ఫోటోలు తీయడం కూడా నా పనే అయింది. నేల ఇప్పటికీ నేనే తుడుస్తాను. వేరేవాళ్ళు తుడిస్తే తెర కింద దుమ్ము వదిలేస్తారు.

మాది గోదావరి జిల్లా. ఐదో తరగతి వరకే చదివాను. ఇలా కూర్చుని రాయడం ఇదే మొదలు, అందుకని జరిగింది జరిగినట్టే రాస్తున్నాను. నేను ఈ దేశానికి మేడమ్ వాళ్ళింట్లో పనికి వచ్చాను. మేడమ్ అంటే స్టూడియో ఆవిడే, ఒమానీ. ఇంట్లో రెండేళ్ళు చేశాక నా కాగితాలు స్టూడియో పేరు మీదికి మార్పించింది. మా స్టూడియో ఉన్న ఈ సీబ్ వైపు చాలామందికి హిందీ వచ్చు, ఆవిడకీ వచ్చు. మేమిద్దరం హిందీలోనే మాట్లాడుకుంటాం. ఆవిడ హిందీలో అరబిక్ కలుస్తుంది, నా హిందీలో తెలుగు కలుస్తుంది. పని మాత్రం ఆగదు.

స్టూడియోకు అసలైన పని పెళ్ళిళ్ళు. ఇక్కడ పెళ్ళిలో ఆడవాళ్ళ హాలు వేరు, మగవాళ్ళ హాలు వేరు. ఆడవాళ్ళ హాలులోకి వచ్చాక అందరూ ఒంటినిండా కప్పుకునే నల్ల అబాయాలు విప్పి పక్కన పెట్టేస్తారు. లోపల జిగేలుమనే గౌన్లు, మెడనిండా బంగారం, విరబోసుకున్న జుట్టు, పాటలు, డాన్సులు. గుమ్మం దగ్గర ఒకావిడ కుర్చీ వేసుకుని కూర్చుని, వచ్చినవాళ్ళ ఫోన్లు తీసుకుని కెమెరా కన్ను మీద చిన్న స్టిక్కరు అంటించి ఇస్తుంది. లోపల కెమెరా తెరిచి ఉండేది ఒక్కరి దగ్గరే, ఫోటోలు తీసే మనిషి దగ్గర. అందుకే ఆ మనిషి ఆడదై ఉండాలి. తీసినవి ఏవీ ఆమె దగ్గర మిగలకూడదు. ఇప్పుడైతే పని అయ్యాక, హాలు గుమ్మం దాటకముందే, ఫోటోలు పడిన మెమరీ కార్డు పెళ్ళికూతురి తల్లి చేతిలో పెట్టేయాలి.

స్టూడియోలో చేరిన మొదటిరోజే మేడమ్ నాకు చెప్పింది. "ఒక్క ఫోటో బయటికి పోయిందా, స్టూడియో ఖలాస్. నువ్వూ ఖలాస్. టికెట్ తీసి ఇంటికి పంపించేస్తా."

అప్పట్లో రీలు కెమెరా. శ్రీలంక నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఫోటోలు తీసేది. పెళ్ళి మొత్తానికి నాలుగు రీళ్ళు, రీలుకు ముప్పై ఆరు ఫోటోలు. అంతే. అందుకని ఆవిడ ఊరికే బటన్ నొక్కేది కాదు. పెళ్ళికూతురిని కూర్చోబెట్టి, గాజులు సరిచేసి, గడ్డం కొంచెం దించి, తను ఊపిరి బిగబట్టి అప్పుడు నొక్కేది. ఎలా వచ్చిందో ఆవిడకు కూడా తెలియదు. ల్యాబ్‌లో కడిగాక తెలిసేది.

ల్యాబ్‌లో నాకొక పని ఉండేది. మిషను నడిపేది మలయాళీ మగమనిషి. ఫోటోలు ఒక్కొక్కటే మిషను చివర్లో జారి పళ్ళెంలో పడతాయి. వాటిని ఆయన చూడకూడదు. అందుకని పళ్ళెం దగ్గర స్టూలు వేసుకుని నేను కూర్చునేదాన్ని. పడిన ఫోటోను పడినట్టే బోర్లా తిప్పి కవరులో పెట్టేదాన్ని. ఆయన అటువైపు, నేను ఇటువైపు.

"రంగులు సరిచెయ్యడానికి నెగెటివ్ చూడాలి కదన్నా, అది పరవాలేదా?" అని ఒకసారి అడిగాను.

"చేచ్చీ, నెగెటివ్‌లో అందరికీ నల్ల పళ్ళు, తెల్ల జుట్టు. అందులో మా అమ్మ ఉన్నా నేను గుర్తుపట్టలేను" అన్నాడాయన. వాళ్ళ భాషలో చేచ్చీ అంటే అక్క.

ఫోటోలు అయ్యాక నెగెటివ్ ముక్కలు రీలు రీలుకూ లెక్క చూసుకుని, ఆ కవరు తీసుకెళ్ళి పెళ్ళివాళ్ళ ఇంట్లో ఇచ్చేసేదాన్ని. నెగెటివ్ ఇచ్చేస్తే ఇచ్చేసినట్టే. ఇంక మన దగ్గర ఏమీ ఉండదు. వచ్చేటప్పుడు నా చెయ్యి తేలిగ్గా ఉండేది.

తర్వాత డిజిటల్ కెమెరా వచ్చింది. శ్రీలంక ఆవిడకు అది నచ్చలేదు. ఫోటో తీసిన ప్రతిసారీ కెమెరా వెనక చూసుకోవడం ఆవిడకు చిరాకు. "వెనక చూస్తా కూచుంటే ముందు జరిగేది ఎవరు చూస్తారు?" అనేది. ఒక ఏడాది అలాగే లాక్కొచ్చి, వయసైపోయిందని చెప్పి వెళ్ళిపోయింది. మేడమ్ ఇంకో ఆడమనిషి కోసం వెతికింది, దొరకలేదు. ఒకరోజు నేను నేల తుడుస్తుంటే కెమెరా తెచ్చి నా ముందు పెట్టింది.

"నువ్వు తియ్యి."

"నాకు ఇంగ్లీషు రాదు మేడమ్. దీంట్లో అన్నీ ఇంగ్లీషు అక్షరాలే."

"కెమెరాకి మాత్రం వచ్చా? బొమ్మలున్నాయి, బొమ్మలు చూసుకుని తియ్యి."

నిజంగానే బొమ్మలున్నాయి. పరిగెత్తే మనిషి బొమ్మ, పువ్వు బొమ్మ, చంద్రుడి బొమ్మ. నేను సోఫా దిండ్లు తీశాను, టీ కప్పులు తీశాను, కిటికీ దగ్గర నా చెయ్యి నేనే తీసుకున్నాను. బాగోలేకపోతే అప్పుడే కనిపించేది, అప్పుడే తుడిచేసి మళ్ళీ తీసేదాన్ని. వెలుతురు ఎటునుంచి వస్తే మొహం మీద ఎలా పడుతుందో అలా చూసి చూసి నేర్చుకున్నాను. రీలు రోజులే ఉండుంటే నాలాంటిదాని చేతికి కెమెరా ఎవరూ ఇచ్చేవాళ్ళు కాదు. నేర్చుకోవడానికి చెడగొట్టాల్సిన రీళ్ళు ఎవరిస్తారు?

హాలులో పని మాత్రం మారిపోయింది. శ్రీలంక ఆవిడ నూట నలభై ఫోటోలు తీసే పెళ్ళికి నేను ఆరేడు వందలు తీసేదాన్ని. తీసిన వెంటనే పది మంది నా చుట్టూ చేరేవాళ్ళు. "షూఫ్, షూఫ్, చూపించు" అని కెమెరా లాక్కునేవాళ్ళు.

"ఇది నేనా? ఇంత లావుగా ఉన్నానా? తీసెయ్."

"లావుగా ఉంటే కెమెరా ఏం చేస్తుంది?" అని పక్కావిడ.

"నీది ఉంచి నాది తీసెయ్యమను."

"ఇద్దరం ఒకే ఫోటోలో ఉన్నాం కదే!"

ఇప్పుడు కుర్రపిల్లలందరికీ నాకంటే బాగా తెలుసు. ఫోన్లలో రోజూ తీసుకుంటారు కదా. అక్కడ నిలబడు, ఆ లైటు ఆపించు, కిందినుంచి తియ్యకు అని వాళ్ళే నాకు చెప్తారు. స్టూడియోకి వచ్చి ఫోటో తీయించుకునేవాళ్ళు తగ్గారు. గుర్తింపు కార్డుల కోసం, పాస్‌పోర్టుల కోసం, మొహం పూర్తిగా కనపడాల్సిన ఫోటోల కోసం వస్తారు. మిగతా మా తిండి అంతా పెళ్ళిళ్ళ మీదే. పెళ్ళిళ్ళు వచ్చేది మేడమ్ మీద నమ్మకంతో.

పోయిన చలికాలం మేడమ్ కొత్త కెమెరా కొంది. షాపతనికి చెప్పి అన్నీ సరిచేయించి తెచ్చింది. కార్డు పెట్టే మూత పక్కనుంటుంది. తెరిస్తే లోపల రెండు గదులు. పై గదిలో నేను ఎప్పటిలాగే పెళ్ళివాళ్ళిచ్చిన కొత్త కార్డు పెడతాను. కింది గదిలో ముందే ఒక కార్డు ఉంది. అది కెమెరాదే అనుకున్నాను.

అలా ఎందుకనుకున్నానంటే, మా ఫోన్లన్నిటికీ రెండు గదులుంటాయి. ఒకదాంట్లో ఒమాన్ సిమ్ము, ఒకదాంట్లో ఇండియా సిమ్ము. మొదట్లో ఒకసారి నా ఫోన్లో ఇండియా సిమ్ము తీసి తుడిచి పెడదామని తీసి, ఎక్కడో పడేసుకుని, రెండు నెలలు ఊళ్ళో ఉన్న మా అమ్మాయితో సరిగా మాట్లాడలేకపోయాను. అప్పటినుంచి దేంట్లోనైనా ముందే పెట్టి ఉన్నదాన్ని నేను కదపను. కింది కార్డు కూడా సిమ్ములాంటిదే, అది తీస్తే కెమెరా చచ్చిపోతుంది అనుకుని దాన్ని ముట్టుకోలేదు. మేడమ్‌ని అడగలేదు కూడా. ఇన్నేళ్ళు తీసి ఇదీ తెలియదా అంటుందని.

కొత్త కెమెరాతో మొదటి పెళ్ళి ఒక గురువారం. పెద్ద కుటుంబం. పెళ్ళికూతురికి ఆకుపచ్చ బట్టలు, నుదుటి మీద బంగారు పట్టీ. దూరంగా సలాలా ఊరికి ఇస్తున్నారు. తల్లి పెద్ద మనిషి, తక్కువ మాట్లాడుతుంది. పని అయ్యాక నేను కెమెరా మూత తెరిచి పై కార్డు తీసి, ఎప్పటిలా రెండు చేతులతో ఆవిడకు ఇచ్చాను. ఆవిడ దాన్ని రుమాల్లో చుట్టి పర్సులో పెట్టుకుని, నా చేతిలో హల్వా పొట్లం పెట్టింది.

మర్నాడు శుక్రవారం, స్టూడియోకు సెలవు. స్టూడియో వెనకే నా రూమ్. పొద్దున్నే కెమెరాను మెత్తని గుడ్డతో తుడుస్తున్నాను. వేలు తగిలి, ఫోటోలు చూసే బటన్ నొక్కుకుపోయింది. కార్డు లేకపోతే ఆ తెర నల్లగా ఉండి ఏవో అక్షరాలు వస్తాయి, అది నాకు అలవాటే. ఈసారి అక్షరాలు రాలేదు. పెళ్ళికూతురు వచ్చింది. తల వంచుకుని చేతికున్న గోరింట చూసుకుంటోంది.

నేను కెమెరాను మంచం మీద బోర్లా పెట్టేశాను. కాసేపు దాని దగ్గరికి పోలేదు. తర్వాత మూత తెరిచి ఆ కింది కార్డు తీశాను. మళ్ళీ బటన్ నొక్కి చూస్తే తెర నల్లగా ఉంది. అప్పుడు అర్థమైంది. నేను తీసిన ప్రతి ఫోటో రెండు కార్డుల్లోనూ పడింది. ఒకటి తల్లికి ఇచ్చాను. ఇంకోటి తెచ్చుకుని నా మంచం మీద పెట్టుకున్నాను. అబాయా లేకుండా ఉన్న అంతమంది ఆడవాళ్ళు నా గదిలో ఉన్నారు.

శుక్రవారం మాకు ఘాలాలో తెలుగు ఆరాధన ఉంటుంది. నా బైబిలుకు జిప్పు కవరు ఉంది, ఆ కవరు లోపలి జేబులో కార్డు పెట్టి జిప్పు వేశాను. గదిలో వదిలి వెళ్ళడానికి ధైర్యం చాలలేదు. ఆరాధన అయ్యాక అందరూ టీ తాగుతుంటే, నాకు బాగా కావలసిన నర్సు అక్కని పక్కకు తీసుకెళ్ళాను. వాళ్ళది గుంటూరు వైపు, దార్సైట్‌లో ఉంటారు.

"ఏందే, మొహం అట్టా పెట్టుకున్నావు? డ్యూటీలో ఏమన్నా అన్నారా?"

చెప్పాను. అక్క టీ కప్పు పట్టుకుని నవ్వింది.

"ఇంతోటి దానికా? డిలీట్ కొట్టు. అయిపోయిద్ది."

"డిలీట్ కొడితే పోద్దా అక్కా? షాపుల్లో మళ్ళీ తెప్పించేత్తారంట కదా."

"అదీ నిజమే. మా వార్డులో ఒకామె అట్టాగే తెప్పించుకుంది. అయితే కత్తెర పెట్టి రెండు ముక్కలు చేసి చెత్తలో వేసెయ్. నీకూ, నాకూ, ప్రభువుకీ తప్ప ఎవరికీ తెలవదు."

"ఆ ముగ్గురికీ తెలిసాక ఇంక తెలియనిదెవరికి?"

"మీ మేడమ్‌కి! ఆమెకి తెలవకపోతే చాలదా నీకు?"

నేను నవ్వలేదు. అక్క కప్పు కింద పెట్టింది.

"చెప్తావా మరి?"

"చెప్తే పంపించేత్తాది అక్కా. మా అమ్మాయి చదువు ఇంకా రెండేళ్ళుంది. నేను ఇప్పుడు ఇంటికెళ్ళి ఏం చెయ్యను?"

"మా ఆసుపత్రిలో మాకొకటి నేర్పిచ్చారు" అంది అక్క. "ఒకరి మందు ఇంకొకరికి ఇచ్చామనుకో, ఆ గంటలోనే చెప్పేయాల. అప్పుడది పొరపాటు. రెండో గంటలో చెప్పామా, అది దాచిపెట్టడం. నేనైతే రేపు పొద్దున్నే చెప్పేదాన్ని. ఆపైన నీ ఇష్టం."

శనివారం మేడమ్ రాలేదు. నాకు లోపల హాయిగా అనిపించింది, అది నిజం. ఆదివారం వచ్చింది. నేను టీ ఇచ్చాను, తెరలు దులిపాను, ఒక చంటిదానికి పాస్‌పోర్టు ఫోటో తీశాను. చెప్పలేదు. రెండుసార్లు ఆవిడ టేబుల్ దగ్గరికి వెళ్ళాను. రెండుసార్లూ "ఏం కావాలి?" అని అడిగింది. ఒకసారి టీ పొడి అయిపోయిందన్నాను, ఒకసారి ఏమీ లేదన్నాను. కత్తెర కూడా ఒకసారి చేతిలోకి తీసుకున్నాను. కార్డు తపాలా బిళ్ళంత ఉంటుంది. దాన్ని కత్తెరలో పెట్టి నొక్కలేకపోయాను. దాంట్లో ఆ పిల్ల గోరింట చూసుకుంటూ ఉంది కదా.

సోమవారం మధ్యాహ్నం బెల్లు మోగింది. అద్దంలోంచి చూస్తే పెళ్ళికూతురి తల్లి.

నా పని అయిపోయిందనుకున్నాను. ఎవరో చెప్పేశారనుకున్నాను. తలుపు తీశాను. ఆవిడ నా వైపు చూడకుండా నేరుగా మేడమ్ దగ్గరికి వెళ్ళి, రుమాలు విప్పి కార్డు టేబుల్ మీద పెట్టింది. ఇద్దరూ అరబిక్‌లో మాట్లాడుకున్నారు. ఇన్నేళ్ళలో నాకు అరబిక్ అర్థమవడం వచ్చింది. పెళ్ళికూతురి చెల్లెలు కార్డును ల్యాప్‌టాప్‌లో పెట్టింది. ఫోటోలు ఎక్కుతుండగానే తొందరపడి లాగేసింది. ఇప్పుడు ఎందులో పెట్టినా తెరుచుకోవడం లేదు.

మేడమ్ తన కంప్యూటర్‌లో పెట్టి చూసింది. తెరుచుకోలేదు.

"దీన్ని బాగుచేసే షాపులున్నాయి. రూవీలో బోలెడున్నాయి" అంది మేడమ్.

"ఉన్నాయి. నేనూ కనుక్కున్నాను. అన్నిట్లోనూ కూర్చున్నది మగవాళ్ళే. నా ఇంటి ఆడవాళ్ళందర్నీ తీసుకెళ్ళి వాళ్ళ ముందు పరచనా?"

మేడమ్ కంప్యూటర్‌లోంచి కార్డు తీసి మళ్ళీ టేబుల్ మీద పెట్టింది.

"పిల్ల నిన్న సలాలా వెళ్ళిపోయింది" అంది ఆవిడ. "ఆ బట్టలు మళ్ళీ కట్టి, ఆ చుట్టాలందర్నీ మళ్ళీ పిలిచి ఫోటోలు తీయలేం కదా. దేవుడు రాయలేదనుకుంటాం." అలా అంటూ రుమాలు మళ్ళీ మడత పెట్టసాగింది. నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్ళీ పెట్టింది.

నేను ఇక్కడి కాఫీ, కహ్వా, పోసిన కప్పులు పట్టుకుని నిలబడి ఉన్నాను. పళ్ళెం టేబుల్ మీద పెట్టేసి నా రూమ్‌కి వెళ్ళాను. బైబిలు జిప్పు తీశాను. తిరిగి వచ్చి, చెడిపోయిన కార్డు పక్కన రెండో కార్డు పెట్టాను.

"ఏమిటిది?" అంది మేడమ్.

"పెళ్ళి ఫోటోలు. అన్నీ ఉన్నాయి. కొత్త కెమెరాలో రెండు చోట్ల పడతాయని నాకు తెలియలేదు మేడమ్."

మేడమ్ మొహం తెల్లబోయింది. ముందు నా వైపు చూసింది, తర్వాత ఆవిడ వైపు చూసింది. మేడమ్ అంతగా భయపడటం నేను ఎప్పుడూ చూడలేదు.

పెళ్ళికూతురి తల్లి హిందీలోకి వచ్చింది. ఆవిడకు హిందీ వస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

"ఎన్ని రోజులుగా నీ దగ్గరుంది?"

"శుక్రవారం పొద్దున తెలిసింది మామా." ఇక్కడ పెద్ద వయసు ఆడవాళ్ళను మేం మామా అనే పిలుస్తాం.

"ఎవరు చూశారు?"

"నేనొక్కదాన్నే. ఒక్క ఫోటో. పెళ్ళికూతురు చెయ్యి చూసుకునే ఫోటో. వేలు తగిలి వచ్చింది. మళ్ళీ తెరవలేదు."

"నాకెందుకు చెప్పలేదు?" అని మేడమ్ గట్టిగా అరిచింది. "నిన్న రెండుసార్లు నా ముందుకొచ్చి నిలబడ్డావు! టీ పొడి అన్నావు!"

"భయం మేడమ్."

తల్లి చెయ్యెత్తి మేడమ్‌ని ఆగమంది. "నా కార్డు బాగానే ఉండి ఉంటే, ఇది నాకు తెచ్చి ఇచ్చేదానివా?"

ఇచ్చేదాన్ని అనడానికి నోరు తెరిచాను. కానీ ఆదివారం గుర్తొచ్చింది, కత్తెర గుర్తొచ్చింది.

"తెలియదు మామా" అన్నాను. "ఇవ్వాలనే ఉంది. మూడు రోజులు ఇవ్వలేదు. నాలుగో రోజు ఇచ్చేదాన్నో లేదో నాకే తెలియదు."

ఆవిడ రుమాలు పక్కన పెట్టింది. తర్వాత, "కెమెరా తీసుకురా" అంది.

తెచ్చాను. మూత తెరవమంది. కళ్ళజోడు పెట్టుకుని లోపలికి చూసి, చిటికెన వేలు రెండు గదుల దగ్గరా పెట్టి తడిమింది.

"ఇంకెక్కడైనా గది ఉందా?"

"లేదు మామా."

"ఈ రెండోదాంట్లో పడతాయనే నీకు తెలియదన్నావు. మూడోది లేదని ఎలా తెలుసు?"

మేడమ్ కెమెరా తీసుకుని తిరగేసింది. కింద బ్యాటరీ మూత తెరిచింది. పక్కన వైరు పెట్టే చోట రబ్బరు మూతలుంటే ఒక్కొక్కటే గోటితో లేపింది. ముగ్గురం తలలు దగ్గర పెట్టి ఆ కెమెరాకు ఎన్ని తలుపులున్నాయో అన్నీ తెరిచి చూశాం. ఇంకేమీ లేదు.

తర్వాత నన్ను బయటి గదిలో కూర్చోమన్నారు. లోపల కంప్యూటర్‌లో రెండో కార్డు పెట్టారు. నాకు ఏమీ కనపడలేదు, మాటలే వినపడ్డాయి. కాసేపటికి ఆవిడ నవ్వింది. ఎవరో పిన్నిగారి పేరు చెప్పి, చూడు, ఎలా నోరు తెరుచుకుని నిద్రపోతోందో అంది. మేడమ్ కూడా నవ్వింది. ఆ ఫోటో నాకు గుర్తుంది. తీసేయమని ఎవరూ అడగలేదు కాబట్టి ఉండిపోయింది.

వెళ్ళేటప్పుడు రెండు కార్డులూ రుమాల్లో చుట్టుకుంది. నేను తలుపు తీశాను, ఆవిడ వెళ్ళిపోయింది.

మేడమ్ కెమెరాను అల్మారాలో పెట్టి తాళం వేసింది. "నేను చెప్పేదాకా దీన్ని ముట్టుకోకు" అంది. ఇంటికి పంపిస్తానని అనలేదు, పంపించనని కూడా అనలేదు. నేను అడగలేదు.

ఆ తర్వాత రెండు నెలలు మేడమే పెళ్ళిళ్ళకు వెళ్ళి ఫోటోలు తీసింది. నేను వెనక లైటు పట్టుకుని నడిచాను. ఆవిడ ఎన్నో ఏళ్ళుగా కెమెరా పట్టలేదు. మొదటి పెళ్ళిలో సగం మందికి తలలు తెగాయి. చుట్టూ చేరిన ఆడపిల్లలు, "ఖాలా, నా జడ ఏది? నా కిరీటం ఏది?" అని అడిగారు. మేడమ్ నా వైపు చూసింది. నేను లైటు వైపు చూశాను. స్టూడియోలో మళ్ళీ తలుపు, టీ, నేల. శుక్రవారం ఘాలాలో అక్క తన ప్లేటులో ఉన్న కేకు ముక్క నా ప్లేటులో పెట్టింది.

ఒకరోజు ఒకావిడ కూతురి పెళ్ళి మాట్లాడుకోవడానికి వచ్చింది. మా సలాలా పెళ్ళికూతురి తల్లికి దగ్గర చుట్టం. నేను కహ్వా తెస్తే, నన్ను కిందినుంచి పైదాకా చూసి మేడమ్‌ని అడిగింది.

"కార్డు తెచ్చి టేబుల్ మీద పెట్టింది ఈమేనా?"

"ఈమే."

"మూడు రోజులు దాచింది కూడా ఈమేనా?"

"అదీ ఈమే" అంది మేడమ్.

ఆవిడ కహ్వా తాగి, కప్పు ఊపి ఇంక చాలని ఇచ్చింది. "అయితే కెమెరా ఈమెకే ఇవ్వు. నువ్వు తీసినవి నేను చూశాను, మా చెల్లెలికి నుదురే లేదు. కానీ చివర్లో తలుపులన్నీ నా ముందు తెరిచి చూపించాలి. ఒక్కటి కూడా వదలకూడదు."

మేడమ్ అల్మారా తాళం తీసింది. కెమెరా నా చేతికి ఇస్తూ, "మళ్ళీ టీ పొడి అన్నావంటే చూడు" అంది.

ఆ పెళ్ళి అయ్యాక హాలు చివర్లో కుర్చీ మీద గుడ్డ పరిచి, కెమెరాను దాని మీద పెట్టి, తల్లి ముందు ఒక్కొక్క మూతా తెరిచాను. కార్డులు రెండూ తీసి ఇచ్చాను. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు వంగి చూశారు. ఆ మాట వాళ్ళల్లో వాళ్ళకు పాకినట్టుంది. ఆ తర్వాత పెళ్ళికి వాళ్ళే అడిగారు. ఇప్పుడు మా స్టూడియోకు అదే పద్ధతి. కొంతమంది అనుమానంగా అడుగుతారు, అప్పుడు మొహం మండుతుంది. కొంతమంది నవ్వుతూ అడుగుతారు. ఎలా అడిగినా నేను తెరిచి చూపిస్తాను.

చర్చిలో నా పని గురించి తెలిసిన ఆడపిల్లలు, "ఆంటీ, మీరు తీసిన పెళ్ళి ఫోటోలు చూపించండి" అంటారు. నా దగ్గర ఒక్కటీ లేదు. ఫోన్లో సండే స్కూలు పిల్లల ఫోటోలున్నాయి, అవి చూపిస్తాను.

పోయిన గురువారం కూడా పెళ్ళి ఉంది. పెళ్ళికూతురి తల్లికి కళ్ళు సరిగా ఆనవట. కార్డులు రెండూ ఇచ్చాక, వేలితో రెండు గదులూ తడిమి చూసి, ఖాళీ అని తల ఊపింది. బ్యాటరీ మూత, రబ్బరు మూతలు కూడా తెరిచాను. ఆవిడ వాటినీ తడిమింది. అన్నీ మూసేసి, కెమెరా సంచిలో పెట్టుకుని, మేడమ్ బండి కోసం బయటికొచ్చి నిలబడ్డాను.